డైమండ్ హెడ్ బ్యాండు: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఎవరీ డైమండ్ హెడ్?

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌కు పడమటి వైపు స్టౌర్‌బ్రిడ్జ్ అని ఒక ఊరుంది. గాజు పనికి పేరు పడ్డ ఊరు. 1976 వేసవిలో, బడి చదువు ముగిసే రోజుల్లో అక్కడి కుర్రాళ్ళు మొదలుపెట్టిన హెవీ మెటల్ (గిటార్ల హోరుతో సాగే రాక్ సంగీతం) బ్యాండు ఇది. గిటార్ బ్రయాన్ టాట్లర్, గాత్రం షాన్ హారిస్, డ్రమ్స్ డంకన్ స్కాట్. 1978లో బాస్ గిటార్‌తో కాలిన్ కింబర్లీ వచ్చి చేరాడు. అభిమానులు "అసలు డైమండ్ హెడ్" అనేది ఈ నలుగురినే. కలిసి వాయించింది అయిదేళ్ళే.

అమ్మకాల లెక్కన చిన్న బ్యాండు. బ్రిటన్ ఆల్బమ్ చార్టులో ఎక్కగలిగిన పై మెట్టు 24. అయితే ప్రపంచమంతా పేరున్న అమెరికన్ మెటల్ బ్యాండు మెటాలికా వీళ్ళ పాటలు నాలుగింటిని రికార్డు చేసింది. మనవాళ్ళలో ఎక్కువమందికి డైమండ్ హెడ్ పేరు తెలిసింది ఆ దారినే. తెలియగానే అందరూ అడిగేది ఒకటే: ఇంత మంచి పాటలు పెట్టుకుని ఎందుకు పైకి రాలేదు? మా జవాబు ముందే చెప్పేస్తాం. పాటల్లో లోటు లేదు. మేనేజ్‌మెంటు, ఒప్పందాలు, రికార్డుల అచ్చు, విడుదల తేదీలు, ఇలా పాట చుట్టూ ఉండే పనుల్లో దెబ్బతిన్నారు. ఎక్కడెక్కడ ఎలా దెబ్బతిన్నారో కింది జవాబుల్లో ఉంది.

ఆ పేరు హవాయిలో కొండది కదా?

కొండది కూడా. బ్యాండుకు మాత్రం కొండ నుంచి నేరుగా రాలేదు. రాక్సీ మ్యూజిక్ బ్యాండు గిటారిస్టు ఫిల్ మాంజనేరా 1975లో "డైమండ్ హెడ్" పేరుతో సొంత ఆల్బమ్ తెచ్చాడు. దాని పోస్టరు టాట్లర్ గదిలో ఉండేది. పేరు అక్కడి నుంచి తీసుకున్నారు. పాటల యాప్‌లో ఉత్త "డైమండ్ హెడ్" అని వెతికితే మాంజనేరా, హవాయి సంగీతం, ఇంకేవేవో కలిసి వస్తాయి. పక్కన "లైట్నింగ్" అనే మాట చేర్చండి, నేరుగా బ్యాండు దగ్గరికి తీసుకెళ్తుంది.

మొదట్లో సామాను ఏముండేది?

దాదాపు ఏమీ లేదు. టాట్లర్ పడకగదిలోనే సాధన. స్కాట్ దగ్గర డ్రమ్ముల సెట్టు లేక బిస్కెట్ల డబ్బాల మీద వాయించేవాడు. రేకు డబ్బా గట్టిగా కొడితే టంగుమంటుంది, మెత్తగా కొడితే వినపడదు. వాటి మీద నేర్చుకున్నవాడు వాయించాడని తలుచుకుని మొదటి ఆల్బమ్ డ్రమ్స్ వినండి.

"తెల్ల ఆల్బమ్" అంటే ఏది?

1980లో వచ్చిన మొదటి ఎల్పీ (పూర్తి ఆల్బమ్ రికార్డు). తర్వాత "లైట్నింగ్ టు ద నేషన్స్" పేరుతో స్థిరపడింది గానీ వచ్చినప్పుడు దానికి పేరే లేదు. వూస్టర్ ప్రాంతంలోని ఓల్డ్ స్మితీ స్టూడియోలో ఏడు రోజుల్లో రికార్డు చేశారు. ఏడు పాటలు. హ్యాపీ ఫేస్ అనే చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) మీద వచ్చింది.

అట్ట మీద బొమ్మ లేదు, పేరు లేదు, పాటల జాబితా లేదు. ఉత్త తెల్ల అట్ట. ఒక్కో కాపీ మీద నలుగురిలో ఒకరు పెన్నుతో సంతకం పెట్టారు. మొదటి విడత 1000 కాపీలు. కచేరీల దగ్గరా, పోస్టు ద్వారానూ 3.50 పౌండ్లకు అమ్మారు. పోస్టు ప్రకటన "సౌండ్స్" అనే సంగీత పత్రికలో వచ్చింది. తర్వాత ఇంకో 1000 కొట్టించారు, వాటిలో పాటల జాబితా చేర్చారు.

అట్ట ఎందుకు తెల్లగా ఉందంటే, అందం కోసం చేసిన ఎంపిక కాదది, ఖర్చు తగ్గించడం. మేనేజర్ల ఆలోచన ఏమిటంటే, ముందు ఏదో ఒక రూపంలో రికార్డు చేతిలో ఉంటే దాన్ని చూపించి పెద్ద కంపెనీని పట్టుకోవచ్చని. ఆ లెక్కన ఇది అమ్మకానికి పెట్టిన నమూనా. ఆ నమూనాయే వాళ్ళ జీవితంలో అన్నిటికన్నా మంచి రికార్డుగా మిగిలింది.

పాత తెల్ల కాపీ అమ్మకానికి కనబడింది. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

తెల్ల అట్టను నకిలీ చేయడం చాలా తేలిక, అచ్చు వేయాల్సిన బొమ్మే లేదు. కాబట్టి అట్టను పక్కన పెట్టి రికార్డునే చూడండి.

ముందు మధ్యలోని కాగితం లేబుల్ చూడండి. హ్యాపీ ఫేస్ పేరుండాలి. మొదటి విడత అని చెప్పి అమ్ముతూ పాటల పేర్లు అచ్చై ఉంటే అది రెండో విడతది, లేదా ఇంకా తర్వాతది. తర్వాత లేబుల్‌కూ చివరి పాట గాడికీ మధ్య నున్నగా ఉండే పట్టీలో గీసిన అక్షరాలు, అంకెలు చదవండి. దీపం పక్కవాటుగా పెడితే కనబడతాయి. నిజమైన కాపీ ఫొటోతో అక్షరం అక్షరం పోల్చండి. ఏ గీత చేత్తో గీశారు, ఏది ముద్ర కొట్టారు అన్నది కూడా కలవాలి. అమ్మేవాడు ఆ పట్టీ ఫొటో ఇవ్వనంటే బేరం వదిలేయండి.

సంతకం సంగతి: నలుగురి సంతకాలూ ఒకే కాపీ మీద ఉంటే అసలుది కాదని అనుకోకండి, తర్వాత కచేరీల్లో మిగతావాళ్ళ చేత పెట్టించుకున్నవాళ్ళు ఉంటారు. కాకపోతే నాలుగూ ఒకే సిరాతో, ఒకే వయసు మరకతో ఉంటే కాస్త ఆగి ఆలోచించాలి. నలభై ఏళ్ళ నాటి బాల్‌పెన్ను గీత తెల్ల అట్టలోకి కొద్దిగా ఇంకి అంచుల్లో చెదురుతుంది. కొత్త గీత పైపైన మెరుస్తుంది.

ఆ రికార్డు మాస్టర్ టేపులు పోయాయంటారు, నిజమేనా?

జర్మనీలో వుల్ఫ్ రికార్డ్స్ అనే కంపెనీ ఈ ఆల్బమ్‌ను వేయడానికి ముందుకొచ్చింది. అసలు స్టీరియో టేపులు వాళ్ళకు పంపారు. అక్కడ బొమ్మ అట్టతో, "లైట్నింగ్ టు ద నేషన్స్" పేరుతో విడుదలైంది. టేపులు మాత్రం ఏళ్ళ తరబడి వెనక్కి రాలేదు.

ఇందులో జరిగిన పొరపాటు ఏ బ్యాండుకైనా పనికొచ్చే పాఠం. బయటి కంపెనీకి ఎప్పుడూ మొదటి టేపు పంపరు, దాని నుంచి తీసిన నకలు పంపుతారు. నకలు తీస్తే టేపు రొద కొద్దిగా పెరుగుతుంది, పై స్వరాలు ఒక పిసరు మందగిస్తాయి. ఆ మాత్రం నష్టానికి భయపడి అసలుదే పంపితే మొత్తానికే పోయే ప్రమాదం. మాస్టర్ దొరకనప్పుడు మళ్ళీ విడుదల చేసేవాళ్ళకు మిగిలే ఆధారం బాగున్న వినైల్ కాపీ ఒక్కటే. దాన్నుంచి తీసిన సీడీలో సన్నటి చిటపటలు వినబడతాయి, వాటిని తుడవబోతే డ్రమ్స్ పక్కన ఉండే సింబల్స్ మోత కూడా పోతుంది. పాత సీడీ కొనేముందు నిశ్శబ్దంగా ఉండే చోట్లు హెడ్‌ఫోన్స్‌లో వినండి.

పెద్ద కంపెనీలు వెంటనే ఎందుకు తీసుకోలేదు?

1979 మే నెలలో "సౌండ్స్" పత్రిక "న్యూ వేవ్ ఆఫ్ బ్రిటిష్ హెవీ మెటల్" (బ్రిటిష్ హెవీ మెటల్ కొత్త అల) అనే పేరు వాడుకలోకి తెచ్చింది. ఆ అల మీద ఎవరు ఎప్పుడు ఎక్కారో తేదీలు పక్కపక్కన పెడితే విషయం తెలిసిపోతుంది. డెఫ్ లెపర్డ్ మొదటి ఆల్బమ్ 1980 మార్చిలో. ఐరన్ మెయిడెన్ మొదటి ఆల్బమ్ 1980 ఏప్రిల్‌లో. శాక్సన్ పేరు మోగించిన "వీల్స్ ఆఫ్ స్టీల్" కూడా ఆ వసంతంలోనే. డైమండ్ హెడ్ పెద్ద కంపెనీ ఆల్బమ్ 1982 అక్టోబరులో వచ్చింది. రెండున్నరేళ్ళు ఆలస్యం. అప్పటికి పత్రికల మోజు తగ్గిపోయింది.

ఆ రెండున్నరేళ్ళూ వాళ్ళు ఖాళీగా లేరు. 1980 జనవరిలో ఏసీ/డీసీకి ముందు వాయించారు. అదే ఏడాది ఐరన్ మెయిడెన్‌తోనూ వేదిక ఎక్కారు. సొంతంగా సింగిల్స్ (ఒకటి రెండు పాటల రికార్డులు) వేశారు, 1981లో "డైమండ్ లైట్స్" ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు) తెచ్చారు. పాటలున్నాయి, పేరుంది. లేనిది ఆ పేరును ఒప్పందంగా మార్చగల అనుభవం. బ్యాండు వ్యవహారాలు చూసింది రెజ్ ఫెలోస్, షాన్ హారిస్ తల్లి లిండా హారిస్. ప్రేమతో చూశారు, ఖర్చులు పెట్టుకున్నారు. కానీ సంగీత వ్యాపారం లోపలి మనుషులు కారు. ఐరన్ మెయిడెన్‌కు రాడ్ స్మాల్‌వుడ్ అనే, వ్యాపారం తెలిసిన మేనేజర్ ఉన్నాడు, తేడా అక్కడే ఉంది. ఇంటి మనిషి మేనేజర్ అయితే ఇంకో ఇబ్బంది కూడా ఉంటుంది: పని సాగకపోతే మార్చడం కష్టం.

ఎంసీఏ ఒప్పందం తర్వాత ఏమైంది?

1982లో ఎంసీఏ అనే పెద్ద రికార్డు కంపెనీ వీళ్ళను తీసుకుంది. "ఫోర్ కట్స్" ఈపీ వచ్చింది. ఆ ఆగస్టులో రెడింగ్ సంగీత ఉత్సవంలో మానోవార్ అనే బ్యాండు రాకపోవడంతో వీళ్ళను చివరి నిమిషంలో పిలిచారు. అచ్చైన కార్యక్రమంలో పేరు లేకుండానే వాయించి జనాన్ని పట్టేశారు.

అక్టోబరులో "బారోడ్ టైమ్". అట్ట బొమ్మ రాడ్నీ మాథ్యూస్ వేశాడు, మడత అట్ట, మంచి ఖర్చుతో చేసింది. తెల్ల అట్ట నుంచి రెండేళ్ళలో ఇక్కడికి వచ్చారు! బ్రిటన్‌లో 24వ స్థానం. అందులో "ఆమ్ ఐ ఈవిల్?", "లైట్నింగ్ టు ద నేషన్స్" రెండూ మళ్ళీ రికార్డు చేసి పెట్టారు. మా అభిప్రాయం చెప్పాలంటే ఇక్కడ తెల్ల ఆల్బమ్ మోటుదనం తగ్గింది. గిటార్ వెనక్కి వెళ్ళి, గాత్రం చుట్టూ గాలి చేరింది. బాగా చేసిన రికార్డే, కానీ మొదటిదానికి ఉన్న కాటు లేదు.

"క్యాంటర్‌బరీ" ఆల్బమే బ్యాండును ముంచిందా?

ముంచింది అనేవాళ్ళు ఎక్కువ. మేం అలా అనం. 1983 సెప్టెంబరులో వచ్చిన ఈ ఆల్బమ్‌లో మెటల్ తగ్గి, కీబోర్డులు, కొత్త తరహా లయలు వచ్చాయి. హారిస్, టాట్లర్ ఎదగాలని చూశారు. పాత అభిమానులకు కావలసింది అది కాదు. 32వ స్థానం దగ్గర ఆగింది.

దాని మీద ఇంకో దెబ్బ పడింది. మొదటి 20,000 కాపీల వినైల్ అచ్చులో లోపం వచ్చింది, సూది గంతులు వేసేది. కొత్త రికార్డు కొన్న వారంలోనే వెనక్కి పట్టుకొచ్చిన మనిషి మళ్ళీ కొంటాడా? అమ్మకాలు మొదటి రెండు మూడు వారాల ఊపు మీదే చార్టు ఎక్కే రోజులవి.

అప్పటికే జట్టు సగం విడిపోయింది. ఆల్బమ్ పని నడుస్తుండగానే కింబర్లీ, స్కాట్ ఇద్దరూ వెళ్ళిపోయారు. బాస్‌కు మెర్వ్ గోల్డ్స్‌వర్దీ, డ్రమ్స్‌కు రాబీ ఫ్రాన్స్, కీబోర్డుకు జాష్ ఫిలిప్స్-గోర్స్ వచ్చారు.

నా దగ్గరున్న "క్యాంటర్‌బరీ" కాపీ గంతులు వేస్తోంది. బాగుచేయొచ్చా?

ముందు అది అచ్చు లోపమా, మురికా తేల్చుకోండి.

మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడి, అడ్డంగా కాకుండా, తుడవండి. స్వేదన జలంలో రెండు చుక్కలు పాత్రలు తోమే ద్రవం కలిపి మెత్తటి గుడ్డతో మళ్ళీ తుడిచి, ఉత్త స్వేదన జలంతో కడిగి, నిలువుగా ఆరబెట్టండి. లేబుల్ తడవకూడదు. కుళాయి నీళ్ళు వద్దు, ఆరాక సున్నపు పొడి గాడిలో మిగులుతుంది. ఆరాక వాయించండి. గంతు వేసే చోటు మారితే, లేదా పోతే, అది మురికే.

అదే చోట మళ్ళీ మళ్ళీ వేస్తుంటే సూది బరువు చూడండి. కార్ట్రిడ్జ్ (సూది ఉండే చిన్న డబ్బీ) తయారీదారు ఒక పరిధి ఇస్తాడు, ఉదాహరణకు 1.5 నుంచి 2 గ్రాములు. చాలామంది రికార్డు అరిగిపోతుందని భయపడి కింది అంచున పెడతారు. నిజానికి తక్కువ బరువులో సూది గాడి గోడలకు కొట్టుకుని ఎక్కువ పాడు చేస్తుంది. పై అంచుకు తెచ్చి చూడండి. పక్కకు లాగే బలాన్ని సరిచేసే మీట కూడా అదే అంకెకు తిప్పండి. పరిధి దాటించి బరువు పెంచొద్దు, సూదిని మోసే కడ్డీకి నాణెం అంటించడం లాంటివి అసలే వద్దు.

అప్పటికీ అక్కడే గంతు వేస్తే, గీత కూడా కనబడకపోతే, అది పుట్టు లోపం. ఒక లోహపు అచ్చు నుంచి చాలా కాపీలు దిగుతాయి కాబట్టి ఆ అచ్చులో ఉన్న లోపం దాని నుంచి దిగిన ప్రతి కాపీలోనూ అదే చోట ఉంటుంది. దాన్ని ఇంట్లో ఏమీ చేయలేం. వినడానికి తర్వాతి అచ్చు కొనుక్కోండి, లోపమున్నదాన్ని చరిత్రగా దాచుకోండి.

డొనింగ్టన్‌లో ఏం జరిగింది?

1983 ఆగస్టు 20, డొనింగ్టన్‌లో మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్ సంగీత ఉత్సవం. వైట్‌స్నేక్, మీట్ లోఫ్, జెడ్‌జెడ్ టాప్, ట్విస్టెడ్ సిస్టర్, డియో వాయించిన రోజు. అందరికన్నా ముందు డైమండ్ హెడ్. తేదీ గమనించండి: "క్యాంటర్‌బరీ" ఇంకా బయటికి రాలేదు. జట్టు కొత్తది, కలిసి వాయించి అలవాటు లేదు. పగటిపూట మొదటి బ్యాండుగా వేల మంది ముందు నిలబడి వినని పాటలు వాయించారు. ఆ ఏడాదే బ్లాక్ సబ్బాత్ యూరప్ పర్యటనలోనూ ముందు వాయించారు. 1984 మొదట్లో ఎంసీఏ వదిలేసింది. 1985లో బ్యాండు ఆగిపోయింది.

మెటాలికాతో సంబంధం ఎలా మొదలైంది?

డెన్మార్క్‌లో పుట్టి కాలిఫోర్నియా చేరిన లార్స్ ఉల్రిక్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు 1981 వేసవిలో లండన్ వచ్చి, జులై 10న వూలిచ్ ఓడియన్‌లో డైమండ్ హెడ్ కచేరీ చూశాడు. తర్వాత తెర వెనక్కి వెళ్ళి పరిచయం చేసుకున్నాడు. ఉండటానికి చోటు లేదంటే టాట్లర్ ఇంటికి తీసుకెళ్ళాడు. మొదట అక్కడ, తర్వాత హారిస్ ఇంట్లో, వారాల తరబడి ఉన్నాడు. రోజూ రికార్డులు వినడం, వీళ్ళు పాటలు కట్టడం పక్కన కూర్చుని చూడటం. అమెరికా వెళ్ళాక ఆ ఏడాదే జేమ్స్ హెట్‌ఫీల్డ్‌తో మెటాలికా పెట్టాడు.

1982 మార్చి 14న అనహైమ్‌లో మెటాలికా మొదటి కచేరీ. వాయించిన తొమ్మిది పాటల్లో నాలుగు డైమండ్ హెడ్‌వి: "హెల్ప్‌లెస్", "సకింగ్ మై లవ్", "ఆమ్ ఐ ఈవిల్?", "ద ప్రిన్స్". సొంతవి రెండే! ఆ రాత్రి వాళ్ళ సొంత పాటల కన్నా ఈ బ్యాండు పాటలే ఎక్కువ వినబడ్డాయి.

మెటాలికా రికార్డు చేసినవి ఏవి, ఎక్కడ దొరుకుతాయి?

"ఆమ్ ఐ ఈవిల్?" 1984లో "క్రీపింగ్ డెత్" రికార్డు రెండో వైపు వచ్చింది. "హెల్ప్‌లెస్" 1987 గ్యారేజ్ డేస్ ఈపీలో. "ద ప్రిన్స్" 1988లో "హార్వెస్టర్ ఆఫ్ సారో" సింగిల్‌తో. "ఇట్స్ ఎలక్ట్రిక్" 1998లో. నాలుగూ ఒకేచోట కావాలంటే 1998 నాటి "గ్యారేజ్ ఇంక్." జంట ఆల్బమ్ తీసుకోండి. "కిల్ ఎమ్ ఆల్" పాత అమెరికా కాపీల్లో చివర "ఆమ్ ఐ ఈవిల్?" కనబడి అది మెటాలికా సొంత పాటే అనుకునేవాళ్ళు చాలామంది. 1988 పునర్ముద్రణలో దాన్ని చేర్చారు, 1983 మొదటి ముద్రణలో లేదు.

ఆ పాటల వల్ల డైమండ్ హెడ్‌కు డబ్బు వచ్చిందా?

ఇది లెక్కతో అర్థం చేసుకోవాల్సిన విషయం. ఒక పాటలో రెండు హక్కులుంటాయి. పాట రాసినవాళ్ళది ఒకటి, రికార్డయిన ధ్వనిది ఇంకొకటి. మెటాలికా తనే వాయించి రికార్డు చేసింది కాబట్టి ధ్వని హక్కు మెటాలికా వైపుది. డైమండ్ హెడ్ వైపు వచ్చేది రాసినవాళ్ళ వాటా. ఆ నాలుగు పాటల మీదా రచయితలుగా ఉన్న పేర్లు షాన్ హారిస్, బ్రయాన్ టాట్లర్. తెల్ల ఆల్బమ్‌లో ఆ పాటలకు బాస్ వాయించిన కింబర్లీకి, డ్రమ్స్ కొట్టిన స్కాట్‌కి ఈ దారిలో ఏమీ రాదు. బ్యాండు పెట్టేవాళ్ళు ఈ మాట మొదటి రోజే మాట్లాడుకోవాలి.

అమెరికాలో 1998లో చట్టం నిర్ణయించిన రేటు: ఒక కాపీకి ఒక పాటకు 7.1 సెంట్లు. పాట అయిదు నిమిషాలు దాటితే దానికి బదులు మొత్తం నిడివి మీద నిమిషానికి 1.35 సెంట్లు, మిగిలిన ముక్కను నిండు నిమిషంగా లెక్కపెడతారు. "గ్యారేజ్ ఇంక్." మీద పెట్టి చూద్దాం. "ఇట్స్ ఎలక్ట్రిక్", "ద ప్రిన్స్" అయిదు నిమిషాల లోపువి, చెరి 7.1. "హెల్ప్‌లెస్" ఆరున్నర నిమిషాలు దాటుతుంది, ఏడుగా లెక్క, 9.45. "ఆమ్ ఐ ఈవిల్?" దాదాపు ఎనిమిది, 10.8. మొత్తం 34.45 సెంట్లు. పది లక్షల కాపీలకు 3,44,500 డాలర్లు.

ఇది చట్టం చెప్పిన పూర్తి రేటు మీద వేసిన లెక్క. కంపెనీలు బేరమాడి తగ్గించుకోవడం మామూలే, అందులోంచి పబ్లిషర్ (పాట హక్కుల వ్యవహారం చూసే కంపెనీ) వాటా పోతుంది, మిగిలింది ఇద్దరికి. చేతికి అందేది దీనికన్నా బాగా తక్కువ. అయినా సొంత ఆల్బమ్‌లు ఇవ్వలేనిది ఈ నాలుగు పాటలు ఇచ్చాయి. పొడుగు పాటలకు ఎక్కువ రావడం కూడా గమనించండి. రేడియోకు పనికిరాదని అప్పట్లో లోపంగా చూసిన పొడుగే ఇక్కడ లాభమైంది.

"ఆమ్ ఐ ఈవిల్?" దయ్యాల పూజ పాటా?

కాదు, పగ పాట. తల్లిని మంత్రగత్తె అని సజీవంగా కాల్చేశారు, కొడుకు ప్రతీకారం తీర్చుకోవడానికి బయల్దేరాడు. నేను చెడ్డవాణ్ణా అని తననే ప్రశ్నించుకుని, అవును మనిషినే కదా అని జవాబు చెప్పుకుంటాడు. చేతబడి నెపంతో మనుషుల్ని చంపిన వార్తలు చదివిన మనకు ఆ మొదటి పంక్తి కథలా అనిపించదు.

ఆ పాట మొదట్లో వచ్చే దడదడ ఎక్కడిది? గిటార్ మీద ఎలా సాధన చేయాలి?

ఇంగ్లీషు స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ రాసిన "ద ప్లానెట్స్"లో అంగారకుడి భాగం ఉంది. అది అయిదు మాత్రల లెక్కలో యుద్ధానికి నడిచినట్టు నడుస్తుంది. తాళం తెలిసినవాళ్ళకు ఖండ చాపు తడుతుంది. ఆ నడక స్ఫూర్తితో టాట్లర్ ఈ ఆరంభం కట్టాడు.

వాయించడానికి మామూలు శ్రుతి చాలు, తీగలు దించక్కర్లేదు. టాట్లర్ చేతిలో ఉండేది గిబ్సన్ ఫ్లయింగ్ వీ. పాటను నాలుగు ముక్కలు చేసుకోండి: దడదడల ఆరంభం, గిటార్ ఒంటరిగా పరుగెత్తే చిన్న ముక్క, నెమ్మదైన బరువైన రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరస), చివర్లో వేగం పెరిగి సోలోలోకి వెళ్ళే భాగం.

ఆరంభాన్ని గిటార్ పట్టకముందే ఒడిలో చేత్తో కొట్టి నేర్చుకోండి. ఇందులో స్వరాలు తక్కువ, మధ్యలో నిశ్శబ్దమే కష్టం. ప్రతి దెబ్బ తర్వాత తీగను కుడి అరచేతి అంచుతో వెంటనే ఆపాలి, లేకపోతే దడదడ కాస్తా గొణుగుడవుతుంది. ఒంటరి పరుగులో తప్పు ఎడమ చేతి నుంచి వస్తుంది: వేలితో కొట్టిన స్వరం మోగుతుంది, లాగి వదిలిన స్వరం చచ్చిపోతుంది. వేలిని పైకి ఎత్తకుండా కొద్దిగా కిందికి గీకుతూ వదలండి. అసలు వేగంలో సగానికి మెట్రోనమ్ (లయ కొట్టే పరికరం) పెట్టి, వరసగా పదిసార్లు తప్పు లేకుండా వచ్చాక నాలుగేసి అంకెలు పెంచండి.

గెయిన్ (గిటార్ ధ్వనిని పగలగొట్టే ఆంప్లిఫయర్ మీట) బాగా పెంచేస్తే బాగుంటుందనుకోవడం అందరూ చేసే పొరపాటు. 1980 రికార్డింగ్‌లో గిటార్ మీరనుకున్నంత పగిలిపోయి ఉండదు, ఒక్కో తీగ విడిగా వినబడుతుంది. గెయిన్ తగ్గించి, మధ్య స్వరాలు పెంచి చూడండి.

"ఆమ్ ఐ ఈవిల్?" ఏ రూపం వినాలి? మూడు నాలుగు కనబడుతున్నాయి.

1980ది, ఏడు నిమిషాల ముప్పై తొమ్మిది సెకన్లది, మొదట వినండి. 1982 "బారోడ్ టైమ్"లోది రెండోది. 2020లో మొదటి ఆల్బమ్ మొత్తాన్ని కొత్త జట్టుతో మళ్ళీ రికార్డు చేసి "లైట్నింగ్ టు ద నేషన్స్ 2020" పేరుతో తెచ్చారు. యాప్‌లలో ఇది ముందు వచ్చి, పాతదే అనుకుని వినేవాళ్ళున్నారు. గాత్రం వేరే మనిషిది, ధ్వని నిండుగా ఉంటుంది. ఈ 2020 రికార్డులో ఒక ముచ్చటైన సంగతి ఉంది: అదనపు పాటల్లో మెటాలికా "నో రిమోర్స్" ఒకటి. బాకీ తీర్చినట్టుగా వాయించారు.

విడిపోయాక మళ్ళీ ఎప్పుడు కలిశారు?

హారిస్, టాట్లర్ 1990 ప్రాంతంలో మళ్ళీ కలిశారు. 1993లో "డెత్ అండ్ ప్రోగ్రెస్" వచ్చింది, బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ ఐయోమీ, మెగాడెత్ గిటారిస్టు డేవ్ మస్టేన్ అతిథులుగా వాయించారు. ఆ జూన్ 5న మిల్టన్ కీన్స్ బౌల్‌లో మెటాలికా, మెగాడెత్‌లతో ఒకే వేదిక. అంతటి అవకాశం వచ్చిన రోజున హారిస్ యముడి వేషంలో, నల్ల అంగీతో వచ్చాడు. ఆ బ్రిటిష్ మెటల్ అల చచ్చిపోయిందని చెప్పడం ఉద్దేశం. మరుసటేడాదికి బ్యాండు మళ్ళీ ఆగింది.

2000లో మూడోసారి మొదలైంది. కొన్నేళ్ళకు హారిస్ తప్పుకుంటే 2004లో నిక్ టార్ట్ వచ్చాడు. అతనితో "ఆల్ విల్ బి రివీల్డ్", "వాట్స్ ఇన్ యువర్ హెడ్?" చేశారు. టార్ట్ ఆస్ట్రేలియాకు మకాం మార్చాక 2014లో డెన్మార్క్‌కు చెందిన రాస్మస్ బోమ్ ఆండర్సన్ చేరాడు. 2016లో బ్యాండు పేరుతోనే ఒక ఆల్బమ్, 2019లో "ద కాఫిన్ ట్రెయిన్". ఈ రెండూ తప్పక వినాల్సినవి. పాత పేరు మీద బతికే బ్యాండు చేసే పని కాదు అది, కొత్త పాటలు నిలబడతాయి.

మొదటి నలుగురిలో ఇప్పుడెవరున్నారు?

టాట్లర్ ఒక్కడే. డ్రమ్స్ కార్ల్ విల్కాక్స్ 1991లో చేరినవాడు, స్కాట్ కన్నా చాలా ఎక్కువ కాలం వాయించాడు. 2023లో శాక్సన్ గిటారిస్టు పాల్ క్విన్ పర్యటనల నుంచి తప్పుకున్నప్పుడు ఆ బ్యాండు టాట్లర్‌ను పిలిచింది. 1980లో తనకన్నా ముందు అల ఎక్కిన బ్యాండులో నలభై మూడేళ్ళ తర్వాత గిటారిస్టుగా చేరాడు. కాబట్టి కచేరీ తేదీల కోసం వెతికేవాళ్ళు రెండు బ్యాండుల జాబితాలూ చూడాలి. శాక్సన్ పర్యటన నడుస్తున్న నెలల్లో డైమండ్ హెడ్ కచేరీలు తక్కువే ఉండొచ్చు.